హాజరు పిలిచాక పళ్ళేలు

మా మరదలు పోయిందని తమ్ముడు నెల్లూరు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు నేను ఆత్మకూరులో మా ఇంట్లో మోకాళ్ళ మీద ఉన్నాను. ప్రార్థన సగంలో ఉంది. "అక్కా" అన్నాడు. ఆ తర్వాత ఏడుపే వినిపించింది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, మొదలుపెట్టిన ప్రార్థన పూర్తి చేసి లేచాను. మధ్యలో లేస్తే ఆమెకు నచ్చేది కాదు. "నిదానంగా కానీ వదినా, దేవుడేమన్నా బస్సా, వదిలిపెట్టి పోయేదానికి" అనేది.

నలుగురిలో నేను పెద్దదాన్ని. ఆమె మా చివరి తమ్ముడి భార్య. కొన్ని నెలలుగా గుండె బాగాలేదు. బాగవుతుందనే అనుకున్నాం.

ఉదయగిరి పోయే దారిలో, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఆమె ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు. ఆమె గాక ఇంకొక మాస్టరు. అంతే బడి. ఆమె లెక్కలు ఎట్లా చెప్పేదో, తెలుగు ఎట్లా చెప్పేదో నాకు తెలియదు. పొద్దుటిపూట ఆ పిల్లలకు టిఫిను పెట్టిన తీరు మాత్రం కళ్ళారా చూశాను. నేను రాయగలిగింది అదే.

ఆమె ఇంట్లో తినకుండా బడికి పోయేది. సంచిలో పుస్తకాల మధ్య ఒక స్టీలు పళ్ళెం ఉండేది. బస్సు గతుకుల్లో అది టంగుటంగుమంటుంటే కండక్టర్లు నవ్వేవాళ్ళు. "ఇంట్లో రెండు ఇడ్లీలు తినిపోతే ఏమైంది అమ్మాయ్" అని అడిగాను. "ఆడ తింటా వదినా. నేను తిననిది వాళ్ళ ముందర ఎట్ట పెట్టేది" అంది. నేను మళ్ళీ అడగలేదు.

ఆ పళ్ళెం సంగతి మొదలు కాకముందు ఆమెకు ఒక అలవాటు ఉండేది. హాజరు పిలిచేటప్పుడు ఒక్కొక్కరినీ "ఏం తిన్నావు" అని అడిగేది. ఊళ్ళో తల్లులు చాలామంది చీకటితోనే ఆటో ఎక్కి మిరపకోతలకో, పొగాకు పనికో పోతారు. పిల్లకాయలు తమంతట తామే లేచి, తమ జడ తామే వేసుకుని బడికి వస్తారు. కొందరు రాత్రి అన్నంలో నీళ్ళు పోసుకుని తినేవాళ్ళు. కొందరికి అదీ ఉండేది కాదు.

రెండో తరగతిలో ఒక పాప. తండ్రి వలలు తీసుకుని సోమశిల రిజర్వాయరుకు పోతాడు, పోతే వారం. తల్లి కూలి. వాళ్ళ ముత్తవ్వ ఊరు ఆ రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. "ఏం తిన్నావమ్మా" అంటే ఆ పాప చేతులు కట్టుకుని నిలబడి చెప్పేది: "దోసె టీచర్. చెనక్కాయల చట్నీ. పైన నెయ్యి." మరునాడు పూరీ, ఆలుగడ్డ కూర. ఆ మరునాడు వడ, సాంబారు. పక్కనే కూర్చున్న పెద్దింటి పిల్లవాణ్ణి అడిగితే తల గోక్కుని "ఏమో టీచర్, మా అవ్వ ఏందో పెట్టింది" అనేవాడు.

ఒక సాయంత్రం మరదలు మా ఇంటికి వచ్చి చెంబుడు నీళ్ళు తాగింది. "తిన్నోళ్ళం ఏం తిన్నామో మర్చిపోతాం వదినా. తిననోళ్ళే వరసపెట్టి చెప్తారు" అంది.

అప్పటికి బడికి సర్కారు వాళ్ళ రాగిజావ వారంలో కొన్ని రోజులు వచ్చేది. మిగతా రోజులు ఏం చేయాలన్నది ఆమె బెంగ. ఇంటింటికీ తిరిగింది. ఒకరు రాగులు, ఒకరు చెనక్కాయలు, అంగడాయన రవ్వ ఇచ్చారు. మధ్యాహ్న భోజనం వండే అమ్మనే పొద్దున కూడా పొయ్యి వెలిగించమని బతిమాలింది. గంట కొట్టకముందు వరండాలో పెట్టించింది. ఆకలిగా ఉన్నవాళ్ళు వచ్చి తింటారు, లేనివాళ్ళు ఆడుకుంటారు అనుకుంది. ఎవరైనా అట్లాగే అనుకుంటారు.

రాలేదు. ఎవరి కోసం పెట్టిందో వాళ్ళే రాలేదు. వచ్చిన నలుగురైదుగురికి అప్పుడే పేరు పడిపోయింది. గేటు దగ్గర ఆడుకునే పిల్లకాయలు, "జావ బ్యాచ్ వస్తా ఉండాది, దారియ్యండిరా" అని పక్కకు జరిగేవాళ్ళు. ఆ పాప బోరింగు వెనకాల నిలబడి, పళ్ళేలు కడిగే చప్పుడు అయిపోయాక గంటతో పాటు లోపలికి వచ్చేది. వచ్చి చేతులు కట్టుకుని చెప్పేది: పెసరట్టు, అల్లం పచ్చడి.

"ఊరంతా చూస్తా ఉంటే తినమంటే ఎవరు తింటారు వదినా" అంది మరదలు. "ఇది బయట పెట్టేది కాదు. గంట కొట్టినాక, హాజరు అయినాక, గదిలో, పలకలు తీసినట్టే పళ్ళేలు తీయాల. అందరూ. నేను గూడా."

తోటి మాస్టరు మంచివాడే. కానీ పద్ధతి మనిషి. "గదిలో చీమలు చేరతాయి మేడం. పుస్తకాలకు నూనె అంటుకుంటాది. మొదటి పీరియడ్ పోతాది" అన్నాడు.

"కడుపు కాలతా ఉంటే రెండో పీరియడ్ గూడా పోతానే ఉండాది గదా సార్" అంది ఈమె.

సరిగ్గా అప్పుడే వంటచేసే అమ్మ కూతురి కాన్పుకు కలిగిరి పోయింది. ఆమె వచ్చేదాకా నన్ను రమ్మంది మరదలు. నేను ఇంట్లో కుట్టుమిషను తొక్కుకునేదాన్ని. దాని మీద గుడ్డ కప్పి, ఆమెతో బస్సెక్కాను.

మొదటి రోజు ఉప్మా దించి గదిలోకి తెచ్చాను. మా ఇంట్లో కళ్ళు మూసుకుని కృతజ్ఞత చెప్పకుండా ముద్ద ఎత్తం. "పిల్లల్ని కళ్ళు మూసుకోమని చెప్పనా" అని మెల్లగా అడిగాను. "వద్దు వదినా. ఇది అందరి బడి. నువ్వు గరిటె తిప్పతా లోపల చేసుకో" అంది. అట్లాగే చేసుకున్నాను. ఇప్పటికీ అట్లా చేసుకున్న ప్రార్థనలే నాకు గుర్తున్నాయి.

గదిలో పెట్టినా పని జరగలేదు. పెద్దింటి పిల్లవాడు పళ్ళెం ముందుకు తోసేసి, "మా అవ్వ బళ్ళో తినొద్దనింది" అన్నాడు. వాడి ఇంటిని చూసి నడిచే ఇళ్ళు ఆ ఊళ్ళో కొన్ని ఉన్నాయి. ఆ ఇళ్ళ పిల్లకాయలు కూడా తోసేశారు. వాళ్ళను చూసి ఆ పాప తన పళ్ళెం తోసేసింది. "నేను గూడా తినేసి వచ్చినా టీచర్." మిగిలినవాళ్ళు తల వంచుకుని తిన్నారు. జావ బ్యాచ్ వరండాలో నుంచి గదిలోకి వచ్చింది, అంతే.

"నేను చెప్పలా మేడం" అన్నాడు మాస్టరు. "మళ్ళీ వరండాలోకి మార్చేద్దాం. లేదంటే ఆపేద్దాం."

"ఇంకొక మనిషితో మాట్లాడాల సార్" అంది.

సాయంత్రం బస్సుకు ఇంకా సమయం ఉంది. ఇద్దరం పెద్దింటికి పోయాం. అవ్వ అరుగు మీద చెనక్కాయలు ఒలుస్తూ ఉంది. మరదలు అడగకుండానే ఎదురుగా కూర్చుని తనూ ఒలవడం మొదలుపెట్టింది. నేను పక్కన నిలబడ్డాను.

"ఏంది టీచరమ్మా, మావాడికి ఇంట్లో గతి లేకనా బళ్ళో తినేది" అంది అవ్వ.

"గతి ఉండాదనే పిలస్తా ఉండా అవ్వా. మీవాడు తింటే మిగతా పిల్లకాయలు తింటారు."

"బాగుండాది. ఊళ్ళో పిల్లకాయల కోసం మావాడు తినాల్నా." కాయ చిట్లించి పప్పులు చేటలో వేసింది. "అయినా ఆడ వండేది ఎవరో, ఏందో."

ఆ మాటకు అర్థం మా ముగ్గురికీ తెలుసు. మరదలు ఒలిచే చెయ్యి ఆపలేదు. "ఈమే అవ్వా వండేది. మా వదిన."

అవ్వ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. కాసేపటికి, "ఉప్పు సరిగ్గా ఏస్తావా" అంది.

"కొంచెం తక్కువే వేస్తాను" అన్నాను.

"అదీ." అవ్వ చేట పక్కకు పెట్టింది. "టీచరమ్మా, నీ మాట కాదనలేను. మావాడు బళ్ళో తినాలంటే నా చేతిది తింటాడు. నేనే తెచ్చి, నేనే ఆడ కూచోబెట్టి పెడతా. నీకు ఇష్టమేనా?"

ఇష్టం కాదని అంటుందనుకుంది అవ్వ. అక్కడితో తెగిపోతుందని. మరదలు ఒడిలో పొట్టు దులుపుకుని లేచి, "రేపే రాండి అవ్వా. హాజరు అయిపోగానే" అంది.

మరునాడు అవ్వ మూడు గిన్నెల క్యారియరు పట్టుకుని వచ్చింది. మనవడి పక్కన చాప వేయించుకుని కూర్చుంది. గిన్నె తెరిచింది. నేతి వాసన గదంతా పట్టుకుంది. దోసెలు, చెనక్కాయల చట్నీ. నేను ఉప్మా గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. "వడ్డించనా" అని కళ్ళతో అడిగితే, "ఆగు వదినా" అని చేత్తోనే సైగ చేసింది మరదలు.

అవ్వ దోసె తుంచి, చట్నీ అద్ది, మనవడి నోటిదాకా తీసుకుపోయింది. పిల్లకాయలందరి కళ్ళూ ఆ ముక్క మీదే ఉన్నాయి. అవ్వ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏందిరా అట్ట చూస్తా ఉండారు" అంది. ఎవరూ చూపు తిప్పుకోలేదు. ఆ వయసులో తిప్పుకోవడం చేతకాదు.

అవ్వ ముక్కను గిన్నెలో పెట్టేసింది. ఇంతమంది చూస్తుండగా పెడితే వాడికి దిష్టి తగులుతుంది. ఆమె ఇంట్లో, ఆమె అత్త ఇంట్లో, ఎవరైనా చూస్తుండగా పిల్లవాడికి తినిపించాల్సి వస్తే ముందు చూసినవాళ్ళ నోట్లో ఒక ముక్క పెట్టాల్సిందే. అది ఆమెకు ఊపిరి పీల్చినంత మామూలు సంగతి. మరదలి వైపు కోపంగా ఒక చూపు చూసి, ముందు వరసలో వాణ్ణి పిలిచింది. "ఒరే, ఇట్రా. నోరు తెరువు." వాడు తెరిచాడు. "ఇంకెవరు. రాండి, రాండి. ఒక్కొక్కరే."

వరస కట్టారు. అవ్వ తుంచి పెడుతూ పోయింది. నిన్న తోసేసినవాళ్ళు, తల వంచుకుని తిన్నవాళ్ళు, అందరూ ఒకే వరసలో నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. మాస్టరు కూడా నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

చివర్లో ఆ పాప మిగిలింది. కూర్చున్న చోటు నుంచి కదలలేదు.

"నువ్వు రామే."

"నేను తినేసి వచ్చినా అవ్వా."

"ఏం తిన్యావు?"

"పూరీ. పాయసం."

అవ్వ ఆ పాప ముఖంలోకి ఒక నిమిషం చూసింది. ఆమె నలుగురు బిడ్డల్ని సాకిన మనిషి. "నువ్వు తిన్యావో తిన్లేదో నాకేం పని. నీ కండ్లు చూడు, ఎంతెంత ఉండాయో. నువ్వొక్క ముక్క నోట్లో ఏసుకోకపోతే మావాడికి రాత్రికి కడుపునొప్పి వస్తాది. వాడికి నొప్పి రావాల్నా, చెప్పు."

పాప ఆలోచించింది. పెద్దింటి పిల్లవాడి వైపు చూసింది. వాడు భయంగా కడుపు పట్టుకున్నాడు. పాప లేచి వచ్చి నోరు తెరిచింది. ఒకరికి సాయం చేసే మనిషి ముఖం ఎట్లా ఉంటుందో, అట్లా ఉంది ఆ ముఖం. అవ్వ పెట్టిన ముక్క చిన్నది కాదు.

తర్వాత గిన్నెలోకి చూసుకుంటే అందులో చట్నీ తప్ప ఏమీ లేదు.

"అవ్వా, నాకేదీ" అన్నాడు మనవడు. గదంతా గొల్లున నవ్వింది.

"వదినా, ఉప్మా తీసుకురా" అంది మరదలు, ఏమీ జరగనట్టు.

అందరి పళ్ళేల్లోనూ పెట్టాను. పిల్లవాడి పళ్ళెంలో పెట్టాను. ఆ పాప పళ్ళెంలో పెట్టాను. మరదలి పళ్ళెంలో, మాస్టరు పళ్ళెంలో పెట్టాను. ఒక క్షణం ఆగి అవ్వ ముందు కూడా ఒక పళ్ళెం ఉంచాను. ఆమె దాన్ని చూసింది, మనవణ్ణి చూసింది. వాడు అప్పటికే సగం తినేశాడు. వేళ్ళ కొసలతో చిటికెడు ఉప్మా నోట్లో వేసుకుని, "ఉప్పు తక్కువుండాది" అంది.

తిరుగు బస్సులో నాకు మనసు ఊరుకోలేదు. "దిష్టి అనేది మనకు లేదు కదా అమ్మాయ్" అన్నాను.

"మనకు లేదు వదినా. ఆమెకుండాది. ఆ పాపకు ఆకలుండాది." కిటికీలోంచి బయటికి చూసింది. "ఆ రెండూ కలిస్తే దేవుడు అడ్డం పడతాడంటావా."

"అంతా నువ్వు అనుకునే చేశావా?"

"లేదు. కొంచెం ఆలస్యంగా వడ్డించాలని మటుకు అనుకున్నా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సంచిలో పళ్ళెం కూడా టంగుమంది.

అవ్వ ఇంకా కొన్నాళ్ళు క్యారియరుతో వచ్చింది. ప్రతిరోజూ మనవడి దాకా వచ్చేసరికి గిన్నె ఖాళీ. చివరికి క్యారియరు మానేసి ఒక సీసాడు కారప్పొడి పంపించింది. ఆ ఇల్లు ఒప్పుకున్నాక మిగతా ఇళ్ళు ఒప్పుకున్నాయి. వంటచేసే అమ్మ తిరిగి వచ్చింది. నేను నా మిషను దగ్గరికి వచ్చేశాను. "జావ బ్యాచ్" అనే మాట ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదని మరదలు చెప్పింది. బ్యాచ్ అంటే కొందరే ఉండాలి కదా.

ఆ పాప కూడా తినేది. కానీ ఎంత పెడితే అంత. "ఇంకా కావాల్నా" అంటే తల అడ్డంగా ఊపేది. మూడో తరగతిలో, నాలుగో తరగతిలో కూడా అంతే. మరదలికి అదొక్కటీ మిగిలిపోయింది. "పెట్టడం నా చేతిలో ఉండాది. అడగడం ఆ పాప చేతిలో ఉండాది. ఆకలని నోరు తెరిచి, సిగ్గు లేకుండా ఒక్కరోజు అడిగితే చాలు వదినా" అనేది. ఆసుపత్రిలో నేను కూర్చున్నప్పుడు కూడా ఆ మాటే ఎత్తింది. నేను ఆ మాట మీద ప్రార్థన చేశాను. ఆమె ఆరోగ్యం కోసం చేసినంత గట్టిగా చేశానో లేదో తెలియదు.

సమాధుల దొడ్డికి ఆ ఊరివాళ్ళు ఒక ట్రాక్టరు నిండా వచ్చారు. అవ్వ కూడా వచ్చింది. పక్కకు నిలబడి, "మీలో ఏం చేస్తారమ్మా" అని నన్ను అడిగింది. గుప్పెడు మన్ను వేస్తామని చెప్పాను. వంగలేక వంగి తీసుకుంది. వెయ్యకుండా చాలాసేపు పిడికిట్లో పట్టుకుని నిలబడింది. తర్వాత, ముద్ద పెట్టినంత నిదానంగా వదిలింది.

బడి తాళంచెవులు ఆమె సంచిలోనే ఉండిపోయాయి. ఆమె జ్ఞాపకార్థం పెట్టిన కూడిక ప్రార్థన అయిపోయిన మరునాడు వాటిని ఇచ్చి వద్దామని నేనే బయలుదేరాను. మాస్టరు ఒక్కడే ఉన్నాడు ఇప్పుడు. రెండు గదుల పిల్లల్నీ ఒక్కడే చూడాలి. గదిలో పెట్టడం ఆయనకు మొదటి నుంచీ ఇష్టం లేదు. మళ్ళీ వరండాలోకి మార్చి ఉంటాడని దారంతా అనుకున్నాను. మార్చినా తప్పు పట్టకూడదని కూడా అనుకున్నాను.

బస్సు ఆలస్యమైంది. నేను గేటు దగ్గరికి పోయేసరికి గంట కొట్టేశారు. వరండా వైపు చూశాను. ఎవరూ లేరు. బోరింగు దగ్గర ఎవరూ లేరు. గదిలోంచి హాజరు పిలుపు, "ప్రెజెంట్ సార్", మళ్ళీ పిలుపు. కిటికీ పక్కన నిలబడ్డాను. మాస్టరు రిజిస్టరు మూసి, ప్యాంటు మోకాళ్ళ దగ్గర కొంచెం పైకి లాక్కుని, పిల్లల మధ్య నేల మీద కూర్చున్నాడు. సంచిలోంచి ఒక పళ్ళెం తీసి తన ముందు పెట్టుకున్నాడు. వంటచేసే అమ్మ వడ్డిస్తూ వచ్చింది. ఆ రోజు ఉప్మాయే. ఆయన ముద్ద ఎత్తాక పిల్లలు ఎత్తారు. కాసేపు గదిలో నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఐదో తరగతి వరసలో ఆ పాప ఉంది. జడలు పొడుగయ్యాయి. పళ్ళెం ఖాళీ చేసి, చేతిలో ఎత్తి పట్టుకుంది.

"సార్, ఆకలిగా ఉండాది. ఇంకొంచెం."

గట్టిగానే అంది. కిటికీ బయట నాకు వినిపించేంత గట్టిగా. గదిలో ఒక్కరు కూడా తల తిప్పి చూడలేదు. పక్కనున్న పెద్దింటి పిల్లవాడు తన పళ్ళెం వేలితో తుడుచుకుని నాక్కుంటున్నాడు. గరిటె గిన్నె అడుగును గీరింది. వేడి ఉప్మా ఆవిరి ఆ పాప ముఖం మీదికి లేచింది.